పంపు కొనేముందు హెడ్ లెక్క: డెల్టావాళ్ళకి పంపుల బేసిక్స్

పంపుల షాపుకెళ్ళి మనవాళ్ళు అడిగే మొదటి మాట "ఐదు హెచ్‌పీది ఎంతండీ" అని. షాపాయన కూడా అంతే, "ఎన్ని హెచ్‌పీ కావాలండి" అంటాడు. నీళ్ళు గంటకి ఎన్ని రావాలి, ఎంత ఎత్తుకి ఎక్కాలి, పైపు ఎంత పొడుగు అన్న మాటే ఇద్దరి మధ్యా రాదు. అసలు హెచ్‌పీ అనేది మనం ముందు చెప్పేది కాదండి, మిగతా లెక్క చేస్తే చివర్లో దానంతట అదే తేలేది.

మన గోదావరి డెల్టాలో ఇది ఇంకాస్త ముఖ్యం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కాలవ నీళ్ళు వాలుకి వాటంతటవే బోదెల్లోకి, చేలల్లోకి వెళ్ళే ఊళ్ళు మనవి, పంపుతో పనెక్కడ పడుతుందంటే కాలవ చివరి ఊళ్ళల్లో, మురుగు కాలవలోంచి చెరువుకి ఎక్కించేటప్పుడు, చెరువు ఎండగట్టేటప్పుడు, ఫిల్టర్ పాయింట్ల (తక్కువ లోతు బోర్ల) దగ్గర, ఇంక రైసుమిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లలో. చెరువుల దగ్గరయితే ఎక్కాల్సిన ఎత్తు చాలా చోట్ల రెండు మూడు మీటర్లే. కానీ షాపులో చేతికందే మామూలు మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకటిగా కలిసి ఉండేది) చాలాసార్లు 20, 25 మీటర్ల హెడ్‌ది. దాన్ని తెచ్చి మన చెరువుగట్టు మీద బిగిస్తే ఏమవుతుందో కాసేపట్లో చెప్తాను, ముందు రెండు మాటలు అర్థమవ్వాలి, ఫ్లో, హెడ్.

ఫ్లో అంటే గంటకి ఎన్ని క్యూబిక్ మీటర్లు, లేదా సెకనుకి ఎన్ని లీటర్లు. ఒక క్యూబిక్ మీటరంటే వెయ్యి లీటర్లు. ఇది కొలవడానికి మీటరు లేకపోతే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి, పది సెకన్లు పడితే సెకనుకి 20 లీటర్లు, అంటే గంటకి 72 క్యూబిక్ మీటర్లు. మరీ పెద్ద పంపుకి డ్రమ్ము సరిపోదు, అక్కడ చెరువు మట్టం గంటకి ఎంత పెరిగిందో చూసి లెక్కేసుకోవచ్చు.

హెడ్ అంటే పంపు నీటిని ఎన్ని మీటర్లు ఎత్తగలదో అది. ప్రెజర్ గేజి మీద ఒక కేజీ చూపిస్తే పది మీటర్ల నీటి ఎత్తు కింద లెక్క. మన పైపులైనుకి కావాల్సిన హెడ్‌లో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి నిజంగా ఎక్కాల్సిన ఎత్తు, అంటే కాలవలో నీటిమట్టం నుంచి నీళ్ళు పడే చోటి వరకు (పైపు చివర చెరువు నీళ్ళల్లో మునిగి ఉంటే చెరువు మట్టం వరకు), దీన్ని స్టాటిక్ హెడ్ అంటారు. రెండోది పైపు గోడలు, బెండ్లు, వాల్వులు, ఫుట్‌వాల్వు (నీళ్ళు లాగే పైపు అడుగున ఉండి నీళ్ళని వెనక్కి పోనివ్వని వాల్వు) తినేసే హెడ్, అంటే ఫ్రిక్షన్. మనవాళ్ళు మొదటిది చూస్తారు, రెండోదాన్ని వదిలేస్తారు, డెల్టాలో అసలు డబ్బులు పోయేది రెండోదాంట్లోనే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఎకరం చెరువు, ఒకటిన్నర మీటరు లోతు నీళ్ళు. ఎకరమంటే 4047 చదరపు మీటర్లు కాబట్టి చెరువులో ఉన్నది సుమారు 6070 క్యూబిక్ మీటర్లు. అందులో పదో వంతు నీళ్ళు మార్చాలి, కరెంటు చూసుకుని అయిదు గంటల్లో పని అయిపోవాలి. అంటే గంటకి 121 క్యూబిక్ మీటర్లు కావాలి, సెకనుకి 34 లీటర్ల దాకా. కాలవ మట్టం నుంచి ఎక్కాల్సిన ఎత్తు రెండున్నర మీటర్లు, పైపు వంద మీటర్లు అనుకుందాం.

నాలుగంగుళాల పైపు వేస్తే నీళ్ళు సెకనుకి నాలుగు మీటర్ల పైన స్పీడుతో పోతాయి, ఆ వంద మీటర్ల పైపు ఒక్కటే సుమారు 17 మీటర్ల హెడ్ తినేస్తుంది. బెండ్లూ అవీ కలిపితే మొత్తం 22 మీటర్లు దాటుతుంది. అదే ఆరంగుళాల పైపు వేస్తే పైపు తినేది రెండు మీటర్ల పైచిలుకే, అన్నీ కలిపి అయిదున్నర మీటర్లలో పని అయిపోతుంది. ఎక్కాల్సిన ఎత్తు మారలేదు, నీళ్ళూ మారలేదు, పైపు సైజు ఒక్కటే మారింది. ఎందుకింత తేడా అంటే అదే ఫ్లోకి ఫ్రిక్షన్ అనేది పైపు వ్యాసం అయిదో ఘాతానికి తలకిందులుగా మారుతుంది, నాలుగు నుంచి ఆరుకి వెళ్తే ఏడున్నర రెట్లు తగ్గిపోతుంది.

ఇప్పుడు హెచ్‌పీ లెక్క. గంటకి క్యూబిక్ మీటర్లని హెడ్ మీటర్లతో గుణించి, 367తో భాగించి, పంపు ఎఫిషియెన్సీతో (పంపుకి ఇచ్చిన పవర్‌లో నీటికి చేరే వంతుతో) మళ్ళీ భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఎఫిషియెన్సీ 60 శాతం అనుకుంటే ఆరంగుళాల పైపుకి 121 గుణించు 5.5 భాగించు 367, దాన్ని 0.6తో భాగిస్తే సుమారు 3 కిలోవాట్లు, అంటే నాలుగు హెచ్‌పీ, మోటారు అయిదు హెచ్‌పీ పెట్టుకుంటే సుఖం. నాలుగంగుళాల పైపుకి అదే లెక్కలో 12 కిలోవాట్లు దాటుతుంది, ఇరవై హెచ్‌పీ మోటారు కావాలి. పైపు దగ్గర మిగుల్చుకున్న డబ్బు కరెంటు బిల్లులో ఎన్ని నెలల్లో పోతుందో ఎవరి టారిఫ్‌తో వాళ్ళు వేసుకోండి, నా ఉద్దేశంలో పైపు దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఇంక ఆ 25 మీటర్ల పంపు సంగతి. "ఎక్కువ హెడ్ పంపయితే సేఫ్ కదా, మనకి తక్కువే కావాలి కాబట్టి హాయిగా తిరుగుద్ది" అనుకుంటారు అందరూ. హాయిగా తిరగదండి. ప్రతి పంపుకీ ఒక కర్వ్ ఉంటుంది, హెడ్ ఎక్కువైతే నీళ్ళు తక్కువ, హెడ్ తక్కువైతే నీళ్ళు ఎక్కువ. 25 మీటర్లకి చేసిన పంపుని అయిదు మీటర్ల మీద వదిలితే అడ్డేం లేదు కాబట్టి తన డిజైన్‌ని దాటి నీళ్ళు కుమ్మరించడానికి చూస్తుంది. మామూలు సెంట్రిఫ్యూగల్ పంపులో నీళ్ళు పెరిగేకొద్దీ కరెంటు కూడా పెరుగుతుంది, ఆంప్స్ నేమ్‌ప్లేట్ దాటిపోతాయి, ఓవర్‌లోడ్ రిలే కొట్టి మోటారు ఆగిపోతుంది, రిలే మాటిమాటికీ కొడుతోందని ఎవరో దాని సెట్టింగు పెంచేస్తారు, ఆ వారంలోనే వైండింగు కాలుతుంది. ఆ లోపు ఇంపెల్లర్‌లో (లోపల తిరిగే రెక్కల చక్రంలో) గులకరాళ్ళు తిరుగుతున్నట్టు చప్పుడు, అంటే కావిటేషన్, ప్రెజర్ పడిపోయిన చోట నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పేలడం, దాంతో ఇంపెల్లర్ రెక్కల మీద గుంటలు పడతాయి. ఆఖరికి తప్పు కరెంటోళ్ళ మీదో మెకానిక్ మీదో పడుద్ది.

అందుకే నేమ్‌ప్లేట్ మీద హెడ్ రేంజి చూడండి, 6/24 అని రెండు అంకెలు ఉంటాయి చూశారా, మీ మొత్తం హెడ్ ఆ రెండిటి మధ్యలో పడాలి, వీలైతే మధ్యకి దగ్గర్లో, ఎందుకంటే ఎఫిషియెన్సీ బాగుండేది సాధారణంగా అక్కడే. ఇప్పటికే కొనేసి ఉంటే డెలివరీ వాల్వు, అంటే నీళ్ళు బయటికి పోయే వైపుది, కొంచెం కొంచెంగా మూస్తూ ఆంప్స్ నేమ్‌ప్లేట్ లోపలికి వచ్చాక అక్కడ ఆపండి, అది కరెంటు దండగే గానీ మోటారు బతుకుతుంది. లేదంటే లేతు షాపులో ఇంపెల్లర్ వ్యాసం కొద్దిగా తగ్గించచ్చు, దానికి కంపెనీ కర్వ్ చూసి ఎంత కొట్టాలో తెలిసినవాళ్ళు కావాలి, ఒకసారి కొట్టేసింది మళ్ళీ అతికించలేం.

రకాలు చాలా ఉన్నాయి గానీ మనకి పనికొచ్చేవి త్వరగా చెప్పేస్తా. తక్కువ ఎత్తు, ఎక్కువ నీళ్ళు అయితే ప్రొపెల్లర్ పంపు, అదే యాక్సియల్ ఫ్లో, చెరువు ఎండగట్టడానికీ ముంపు నీళ్ళు తోడ్డానికీ దీన్ని మించింది లేదు. ఎత్తు కాస్త పెరిగితే మిక్స్‌డ్ ఫ్లో. అంతకి మించితే మామూలు సెంట్రిఫ్యూగల్. రైసుమిల్లు బాయిలర్‌కి ఫీడ్ వాటర్ ఎక్కించాలంటే స్టీము ప్రెజర్‌ని ఎదిరించాలి కాబట్టి ఒకే షాఫ్ట్ మీద వరసగా ఇంపెల్లర్లు ఉండే మల్టీస్టేజ్ పెడతారు. పెద్దవి చూడాలంటే పట్టిసీమ దగ్గర 2015లో మొదలైన ఎత్తిపోతలు ఉంది, 24 వర్టికల్ టర్బైన్ పంపులు, అన్నీ కలిపి 8500 క్యూసెక్కులు, అంటే ఒక్కో పంపు సెకనుకి పదివేల లీటర్లు, మన ఎకరం చెరువుని ఒక్క పంపు పది నిమిషాల్లో నింపేస్తుంది. సూత్రం మాత్రం మీ గట్టు మీద ఉన్నదానిదే, ఫ్లో, హెడ్, అంతే.

ఇవన్నీ రెక్కలు తిరిగి నీటికి వేగం ఇచ్చే జాతి. రెండో జాతి పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్, గేర్ పంపు, ప్లంజర్ పంపు, స్క్రూ పంపు లాంటివి, షుగర్ ఫ్యాక్టరీలో మొలాసిస్, తవుడు నూనె మిల్లులో నూనె, రిగ్గుల మీద డ్రిల్లింగ్ మడ్డి ఇవి తోస్తాయి. ఇవి ఒక్కో తిప్పుకి ఇంత అని కొలత ప్రకారం తోస్తూనే ఉంటాయి, ముందు వాల్వు మూసి ఉన్నా సరే తోస్తాయి, ప్రెజర్ పెరిగి పైపో సీలో పేలాల్సిందే. కాబట్టి వీటికి రిలీఫ్ వాల్వు (ప్రెజర్ మితిమీరితే తెరుచుకునేది) తప్పనిసరి, డెలివరీ వాల్వు తెరిచే స్టార్ట్ చెయ్యాలి.

ఇప్పుడు సక్షన్ వైపు, అంటే నీళ్ళు పంపులోకి వచ్చే వైపు, గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే. పంపు నీళ్ళని లాగుతుంది అనుకుంటాం గానీ పంపు చేసేది లోపల ప్రెజర్ తగ్గించడం వరకే, బయట గాలి కాలవ నీటి మీద నొక్కి పైపులోకి తోస్తుంది, కొబ్బరిబొండంలో స్ట్రాతో తాగేటప్పుడు జరిగేదీ ఇదే. సముద్రమట్టం దగ్గర గాలి తోయగలిగేది మహా అయితే 10.3 మీటర్లు, పైపులో పోయేది, పంపుకి లోపల కావాల్సింది తీసేస్తే ఆరు మీటర్ల దాకా నమ్మచ్చు. మన దగ్గర లోతు రెండు మూడు మీటర్లే కాబట్టి భయం లేదనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు, ఎందుకంటే గుర్రపు డెక్క వచ్చి స్ట్రైనర్‌కి (పైపు మూతి జల్లెడకి) చుట్టుకున్నాక ఆ మిగులు మీటర్లన్నీ అది తినేస్తుంది.

సక్షన్ పైపు డెలివరీ కన్నా ఒక సైజు పెద్దది వెయ్యండి, నీటి వేగం సెకనుకి ఒకటిన్నర మీటరు దాటకుండా చూసుకోండి. పంపు మూతి దగ్గరే బెండు పెట్టద్దు, కొంచెం తిన్నని పైపు ఉండాలి. సైజు తగ్గించే రెడ్యూసర్ ఒకవైపు చదునుగా ఉండేది తెచ్చి చదును వైపు పైకి పెట్టాలి, లేకపోతే పైన గాలి గూడు కట్టుకుని ఉంటుంది. పైపు పంపు వైపుకి కొద్దిగా ఎత్తుగా ఎక్కుతూ రావాలి, మధ్యలో గూనిలా లేస్తే అక్కడా గాలే. ఫుట్‌వాల్వు నీటిలో కనీసం మీటరు లోతున ఉండాలి, తక్కువైతే పైన సుడి తిరిగి గాలి లోపలికి పోతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో మురుగు కాలవల మీద పెట్టేవాళ్ళు ఈ మీటరు పాటులో కొలవాలి, పోటులో కాదు, పొద్దున నిండుగా ఉన్నప్పుడు బిగించి వెళ్తే మధ్యాహ్నానికి ఫుట్‌వాల్వు బయటికి కనపడుతూ ఉంటుంది.

వేడి నీళ్ళకి ఈ లెక్క మొత్తం మారిపోతుంది. 80 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి ప్రెజరే దాదాపు అయిదు మీటర్లు తినేస్తుంది, 90 దగ్గర ఏడు దాటుతుంది. అందుకే బాయిలర్ ఫీడ్ ట్యాంకు పంపు కన్నా ఎత్తున ఉండాలి, కండెన్సేట్ (స్టీము చల్లారి అయిన నీళ్ళు) తిరిగొచ్చి ట్యాంకు మరీ వేడెక్కినప్పుడు ఫీడ్ పంపు నీళ్ళు తియ్యడం మానేస్తే పంపు పాడైందని విప్పే ముందు ట్యాంకులో థర్మామీటరు పెట్టి చూడండి.

స్టార్ట్ చేసే పద్ధతి. ముందు ప్రైమింగ్, పైపూ కేసింగూ నిండా నీళ్ళు పోసి, పైన ఎయిర్ కాక్ తెరిచి బుడగలు ఆగి నీళ్ళు ఒకే ధారగా వచ్చేదాకా. నీళ్ళు పోసినకొద్దీ దిగిపోతుంటే ఫుట్‌వాల్వు కూర్చోలేదు, చెత్త పడింది. మామూలు సెంట్రిఫ్యూగల్‌కి డెలివరీ వాల్వు మూసి స్టార్ట్ చేసి, స్పీడు అందుకున్నాక మెల్లగా తెరవాలి, అలా అని మూసి ఉంచి టీకి వెళ్ళకండి, లోపల నీళ్ళు మరిగి సీలు పోతుంది. ప్రొపెల్లర్ పంపు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది, వాల్వు మూస్తే కరెంటు పెరుగుతుంది, కాబట్టి తెరిచే స్టార్ట్ చెయ్యాలి. ఈ ఒక్క తేడా తెలియక మోటార్లు కాల్చుకునేవాళ్ళు ఉన్నారు.

తిరిగే దిక్కు కేసింగ్ మీద బాణం గుర్తుతో సరిపోవాలి. గాలివానకి లైన్లు పడి మళ్ళీ కట్టాక ఫేజులు తారుమారవుతుంటాయి, నిన్నటిదాకా బాగున్న పంపు ఇవాళ ఉల్టా తిరుగుతుంది. చిక్కేంటంటే సెంట్రిఫ్యూగల్ ఉల్టా తిరిగినా కొన్ని నీళ్ళు పోస్తుంది, అందుకని ఎవరికీ అనుమానం రాదు. నీళ్ళు తగ్గాయంటే ముందు బాణం చూడండి, ఉల్టా అయితే మెయిన్ ఆపి మూడు ఫేజుల్లో ఏ రెండైనా మార్పించండి.

రెండు గేజీలు, ఒక ఆమ్మీటరు పెట్టుకుంటే సగం రోగాలు విప్పకుండానే తెలుస్తాయి, వాటి ఖర్చు ఒక రివైండింగ్ ఖర్చుకి ఏ మూలకీ రాదు. సక్షన్ వైపు వాక్యూమ్ గేజి, డెలివరీ వైపు ప్రెజర్ గేజి. పంపు కొత్తగా బాగున్న రోజున మూడు రీడింగులూ స్టార్టర్ డబ్బా తలుపు లోపల పెయింటుతో రాసి పెట్టండి. ఐసు ఫ్యాక్టరీలో కండెన్సర్‌కి (వేడి గ్యాసుని చల్లార్చేదానికి) నీళ్ళు తిప్పే పంపు, కింద సంపులోంచి లాగేది అనుకోండి. మామూలుగా వాక్యూమ్ 150 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కలో) చూపించేది, అంటే నీటి లెక్కలో రెండు మీటర్లు, ఇప్పుడు 400 చూపిస్తోంది, నీళ్ళు తగ్గాయి, చప్పుడొస్తోంది. స్ట్రైనర్ మూసుకుపోయింది, పంపు ముట్టుకోనక్కర్లేదు. అదే వాక్యూమ్ సున్నాకి పడిపోయి, ప్రెజర్ ముల్లు వణుకుతూ, నీళ్ళు దగ్గుతున్నట్టు వస్తుంటే ఎక్కడో గాలి లాగుతోంది, ఫ్లాంజి జాయింట్లు, గ్లాండ్ (షాఫ్ట్ బయటికి వచ్చే చోట నీళ్ళు కారకుండా బిగించేది) చూడండి, జాయింటు మీద సబ్బునురగ రాస్తే లోపలికి పీల్చుకునే చోటు పట్టిస్తుంది. వాక్యూమ్ తగ్గి, ప్రెజర్ పెరిగి, ఆంప్స్ తగ్గితే డెలివరీ వైపు అడ్డం, వాల్వు గేటు ఊడి పడిపోయి ఉండచ్చు, లేదా కండెన్సర్ ట్యూబుల్లో పాకుడూ గారా పేరుకుని ఉండచ్చు. ప్రెజర్ తగ్గి ఆంప్స్ పెరిగితే నీళ్ళు ఎక్కువ పోతున్నాయి, పైపు పగిలిందేమో చూడండి, లేదా పైన చెప్పిన ఎక్కువ హెడ్ పంపు రోగం. ప్రెజరూ ఆంప్సూ రెండూ నెలనెలా మెల్లగా తగ్గుతుంటే ఇంపెల్లర్ అరిగిపోతోంది.

గ్లాండ్ కారుతోందని బిగించేస్తారు, తప్పు. గ్లాండ్ తాడు ఉన్న పంపులో చుక్కచుక్కగా, నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు పడాలి, ఆ నీళ్ళే తాడునీ స్లీవునీ (షాఫ్ట్ మీది తొడుగునీ) చల్లగా ఉంచేది. పూర్తిగా ఆపేస్తే స్లీవు మీద గాడి పడుతుంది, తర్వాత ఎన్ని తాళ్ళు మార్చినా కారుతూనే ఉంటుంది. మెకానికల్ సీల్ ఉన్నదయితే కంటికి కనపడేలా కారకూడదు, కారితే మార్చడమే.

ఒకే డెలివరీ పైపుకి రెండో పంపు కలిపితే నీళ్ళు రెట్టింపు అవుతాయనుకోకండి, నీళ్ళు పెరిగితే ఆ పైపులో ఫ్రిక్షన్ ఇంకా పెరుగుతుంది కాబట్టి రెట్టింపు కన్నా తక్కువే వస్తుంది, పైపు చిన్నదయితే రెండోది దండగ. స్పీడు తగ్గించే వీఎఫ్‌డీ మాత్రం మంచి వస్తువే, స్పీడు 80 శాతానికి తగ్గిస్తే ఫ్లో 80 శాతం, హెడ్ 64 శాతం, పవర్ సుమారు 51 శాతం. కండెన్సర్ నీళ్ళు తిప్పడంలాంటి చోట, అంటే హెడ్‌లో ఎక్కువ భాగం ఫ్రిక్షనే ఉన్నచోట బాగా కలిసొస్తుంది, ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కించేచోట స్పీడు మరీ తగ్గిస్తే ఆ ఎత్తే అందక నీళ్ళు పైకి రావు.

ఉప్పు నీటి చెరువులకి మామూలు క్యాస్ట్ ఐరన్ ఇంపెల్లర్ ఎంతోకాలం నిలవదు, కంచు గానీ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ గానీ అడగండి, ఉత్త ఎస్ఎస్ అంటే సరిపోదు, గ్రేడు బిల్లు మీద రాయించుకోండి. వాడకం ఆపేసే రోజుల్లో కేసింగ్‌లో ఉప్పు నీళ్ళు నిల్వ ఉంచకుండా మంచినీళ్ళు తిప్పి, కింద డ్రెయిన్ ప్లగ్ తీసి ఖాళీ చెయ్యండి.

తడి గట్ల మీద పని కాబట్టి ఎర్తింగు సరిగ్గా ఉండాలి, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారు ఆపేసేది) ఉండాలి, స్ట్రైనర్ చెత్త తీయడానికి దిగేముందు స్టార్టర్ ఆపితే చాలదు, మెయిన్ తీసి ఫ్యూజులు జేబులో వేసుకుని దిగండి. వరదకో తుపానుకో మోటారు మునిగితే నీళ్ళు తీశాక ఎండలో పెట్టి అదే రోజు స్విచ్ వెయ్యకండి, వైండింగు ఆరబెట్టించి మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూపించాలి, బేరింగుల్లో గ్రీజు మొత్తం తీసి కొత్తది పెట్టించాలి, షాఫ్ట్ చేత్తో తిరుగుతోందో లేదో చూసి అప్పుడు కరెంటివ్వండి.